నీళ్లు పడని బోర్ల లెక్క

నేను చేసే పని ఏందని మా అక్క అడిగినప్పుడల్ల ఒక్కో తీరుగ చెప్పిన. మొదట్ల కంప్యూటర్ పని అన్న. అది అందరు చెప్పేదే, నీదేం పని అన్నది. రెండోసారి జర ఓపిక తెచ్చుకొని చెప్పిన. పెద్ద పెద్ద కంపెనీలు భూమిల చమురు కోసం, గ్యాస్ కోసం బావులు తవ్వుతయి, ఏడ తవ్వాలె, ఏడ వద్దు, పైసలు ఏ బావి మీద పెడితె నయం అని చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంటది, నేను దాంట్ల పనిచేస్త అన్న. "అంటె పాయింట్ చూసేటోళ్లన్నట్టు" అన్నది.

నాకు మస్తు మండింది. మా దిక్కు బోరు ఏసే ముందు పాయింట్ చూసేటాయన్ని పిలుస్తరు. ఆయన అరచేతిల కొబ్బరికాయ అడ్డంగ పండబెట్టుకొని చెల్కంత తిరుగుతడు, కాయ లేచి నిలబడ్డకాడ నీళ్లున్నయంటడు. పదకొండేండ్ల సంది నేను చేస్తున్న పనిని అక్క తీస్కపోయి ఆ కొబ్బరికాయ పక్కన పెట్టింది. ఆ పూట ఆమెతోని సక్కగ మాట్లాడలే. ఇప్పుడు అనుకుంటె ఆమె చెప్పింది దగ్గర దగ్గర సరిపోతది.

నేనుండేది వనపర్తిల. మా ఆయన ఆడ కాలేజీల చెప్తడు. కరోనా కాలంల ఇంటికాడ్నే పనిచేసుకోండ్రి అన్నది మా కంపెనీ, తర్వాత మల్ల రమ్మనుడు మర్చిపోయింది. మేడమీది అర్రల బల్ల ఏసుకొని కూసుంట. నెలకోసారి హైదరాబాద్ పోయి మొఖం చూపిచ్చి వస్త. నా ముందల తెర మీద కనవడే బావులు ఎడారిల ఉంటయి, సముద్రంల ఉంటయి. ఒక్కటి గూడ నేను కండ్లతోని చూసింది లేదు. వాటి లోతు మాత్రం మా వీధిల ఇండ్ల నంబర్లకంటె బాగ గుర్తుంటది.

ఆ సాఫ్ట్‌వేర్ చేసేది చెప్పుకుంటె చిన్న ముచ్చటే. ఒక జాగల బావి తవ్వాలంటె ఆ చుట్టుపక్క ఇంతకుముందు తవ్విన బావులన్ని దాంట్ల పెట్టాలె. ఎంత లోతు పోయిండ్రు, ఏ రాయి తగిలింది, చమురు పడ్డదా లేదా, ఖర్చెంతయింది. అది వాటిని పట్టుకొని వేల వేల సార్లు గవ్వలేసి పచ్చీస్ ఆడినట్టు తనల తాను ఆడుకుంటది. ఆడి ఆడి, ఇక్కడ తవ్వితె పదిట్ల ఇన్ని పాళ్లు పడతది, పడకపోతె నీకు ఇంత మునుగుతది, తవ్వకుండ ఊకుంటె ఇంత మిగులుతది అని చెప్తది. ఆఖరికి తేలేది మూడు మాటలే, తవ్వు, వద్దు, ఆగు. అది చెప్పింది ప్రతిసారి నిజమైతదని నేను అనను. కాని పెద్దసారు ఒకాయన మీటింగుల కూసొని నాకు ఈ జాగ నచ్చింది అని కోట్లు గుమ్మరిచ్చేదానికంటె నయం. ఆ సార్లను నేను చానామందిని చూసిన, వాళ్లకు నచ్చని జాగ భూమ్మీద లేదు.

దాంట్ల నా పని, కంపెనీలు పంపిన బావుల లెక్క సరిగ్గ ఉన్నదా లేదా చూసుడు. అందరు చేసే తప్పు ఒక్కటే. చమురు పడ్డ బావుల కాయితాలు ఉరుక్కుంట పంపుతరు, పడనియి పంపరు. దాచుకోవాలని గూడ కాదు. ఎండిన బావి ఫైలు ఎవరికి ముద్దు? ఏ అల్మారల పడేసిండ్రో వాళ్లకే తెల్వదు. కాని పడ్డయి ఒక్కటే పెడితె ఏడ తవ్వినా పడ్డట్టే చూపిస్తది. అందుకే ఎవరికైనా నేను రాసే మొదటి మెయిల్ ఒకటే ఉంటది, ఎండిన బావుల జాబితా రాకుండ మేము పని మొదలుపెట్టము అని. ఎన్నిసార్లు రాసిన్నో, కండ్లు మూసుకున్నా నా చేతి ఏళ్లు ఆ ముక్క రాస్తయి. ఆఫీసుల పోరగాండ్లు నాకు ఎండిన బావుల మేడమ్ అని పేరు పెట్టిండ్రు. నాకు తెలిసి పెట్టిన పేరే, నేనేం అనుకోలే.

అక్కవాళ్ల ఊరు అచ్చంపేట అవతల, మన్ననూరు పోయే తొవ్వల. మేము పెరిగింది గద్వాల దిక్కు, కూలికి పోయేటోళ్ల ఇంట్ల. నాకు చదువు అబ్బింది, అక్కకు పార అబ్బింది. బావ, అక్క కలిసి పదిహేనేండ్లు బొంబాయిల, పూనాల మట్టిపని చేసిండ్రు. ఆ పైసలతోని మూడెకరాల చెల్క కొని బత్తాయి తోట పెట్టిండ్రు. చెట్టుకు పాది చేసుడు, మందు కొట్టుడు, కాయ తెంపుడు అన్ని అక్కనే. మొన్న మొన్ననే కాపు మంచిగ మొదలైంది. సరిగ్గ అప్పుడే వాన మొఖం చాటేసింది, ఉన్న ఒక్క బోరు గంట పోస్తె గంట ఆగుడు మొదలుపెట్టింది.

అక్క ఫోన్ చేసింది. ఆమె ముందల రెండు తొవ్వలున్నయి. ఒకటి, కొత్త బోరు ఏపిచ్చుడు. దాచుకున్నదంత దాంట్లనే పోతది, పడితె తోట మొత్తం బతుకుతది. రెండోది, సగం చెట్లు కొట్టేసుడు. ఉన్న బోరు నీళ్లు మిగిలిన సగానికి సర్దుకుంటయి, మరీ ఎండలు ముదిరితె దాచుకున్న పైసలతోని ట్యాంకర్లు తోలిపిచ్చుకోవచ్చు. బావ అప్పటికే చెట్లు కొట్టేటోళ్లతోని మాట్లాడి పెట్టిండు. కొడుతున్నమా లేదా చెప్తె వాళ్లు ఆ వారంలనే వస్తరు.

ఇగ పాయింట్ చూసేటాయన్ని పిలుద్దామంటె, మేము చర్చికి పోయేటోళ్లం. అక్క ఆ ముచ్చట్ల చానా గట్టిది. కొబ్బరికాయ పట్టనియ్యది, యాపకొమ్మ పట్టనియ్యది. "నీ దాంట్ల కొబ్బరికాయ లేదు గద. నువ్వు చూడు. అది వద్దంటె ఇయ్యాల్నే సగం చెట్లు కొట్టేపిస్త" అన్నది.

నాకు లోపల సంతోషమైంది, అబద్ధం ఎందుకు. ఎక్కడో సముద్రంల ఎవరికో చెప్పే మాట ఒక్కసారన్న మా ఇంటికి అక్కరకొచ్చింది అనుకున్న. కంపెనీ సాఫ్ట్‌వేర్ సొంత పనికి వాడొద్దు, వాడితె ఉద్యోగం ఊడుతది. కాని దాని పద్ధతి నా తలకాయల ఉన్నది గద. రెండు రాత్రులు కూసొని అదే తీరుగ చిన్నది ఒకటి తయారు చేసుకున్న. శనివారం నాగర్‌కర్నూల్ పోయి, ఆడ బస్సు మారి, ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని అక్క ఇంట్ల దిగిన.

తెల్లారి ఆదివారం. మా చర్చిల ఆరాధన అయినంక సాక్ష్యాలు చెప్పుడు ఉంటది. జరం తగ్గినోళ్లు, కొడుక్కు నౌకరి దొరికినోళ్లు, ఎవరికి ఏం మేలు జరిగిందో నిలబడి చెప్తరు. ఆరోజు అక్క నా గురించి చెప్పింది. మా చెల్లె వచ్చింది, మన ఊరి బోర్ల లెక్క రాసుకుంటది, అందరు చెప్పండ్రి అన్నది. అబ్బో, ఇగ చూడాలె. ఒకరెనుక ఒకరు వచ్చిండ్రు. మాది రెండువందల డెబ్బై ఫీట్లకే పడ్డది అని ఒకాయన, మాది బండ తగిలినంక గూడ ఆపకపోతె ఆఖరికి రెండించుల నీళ్లు పడ్డయి అని ఒకామె. చెప్పుకుంట వాళ్ల మొఖాలు వెలుగుతున్నయి. నేను లోతు, జాగ, నీళ్లెన్ని, అన్ని రాసుకున్న.

తర్వాత రెండు రోజులు బావతోని చెల్కలన్ని తిరిగిన. చర్చికి రానోళ్ల కాడికి గూడ పోయినం. సాయిబుల తోట కాడ చాయ్ పోసి మరీ చెప్పిండ్రు. మోటరు నడుస్తున్న ప్రతి బోరు కాడ నిలబడి ఫోన్ల జాగ గుర్తుపెట్టుకున్న. నడుమల గట్ల మీద అక్కడక్కడ బండరాళ్లు కనవడ్డయి, కింద ఇరుకు బొంద, పైన రాయి కప్పిండ్రు. బావ వాటి పక్కపొంటి నడిచిండు. నేను గూడ ఆయన ఎనక పక్కపొంటి నడిచిన. అది ఎవరిది, ఎప్పటిది, ఎంత లోతు, ఒక్క మాట అడగలే. అడగాలని గూడ నాకు తట్టలే.

అన్ని పెట్టి నడిపిస్తె పదిట్ల ఏడు పాళ్లు పడతది అని వచ్చింది. తవ్వు అన్నది. అక్కకు తెర తిప్పి చూపిచ్చిన. ఆమెకు దాంట్ల ఏం అర్థం కాదు, అయినా కండ్లు చిన్నగ చేసుకొని చూసింది. ఏడు అంటె మంచిదేనా అని అడిగింది. మేము నాలుగొస్తెనే సంబురపడతం అక్కా అన్న. బావ లోపలికి పోయి చెట్లు కొట్టేటోళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పిండు. ఆపూట అక్క నాకు కోడి కోసింది. నేను గూడ గొప్పగనే తిన్న.

బోరు బండి వచ్చిననాడు నేను సెలవు పెట్టి మల్ల పోయిన. పాస్టరుగారు ప్రార్థన చేసిండు. పొద్దున మొదలుపెట్టిండ్రు. మొదట ఎర్రమట్టి, తర్వాత తెల్ల దుమ్ము, తర్వాత నల్ల బండ పొడి. ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినరాదు. మూడువందలు దాటింది. బావ ఊకూకె పోయి ఆ పొడి పిడికిట్లకు తీసుకొని పిసికి చూస్తున్నడు, తడి ఉన్నదేమోనని. నాలుగువందలు. డ్రైవరు ఇంకో రాడ్ దించాల్నా అని చేత్తోని సైగ చేసిండు. అక్క దించమన్నది. అయిదువందల యాభై కాడ గూడ దించమన్నది. ఆరువందలకు నేను ఆమె మొఖం చూడలేక తోట దిక్కు తిరిగిన, చెట్లన్ని బండ పొడి పడి తెల్లగైనయి. అక్క చాలు అన్నది. బండోళ్లు రాడ్లు తీసుకున్నరు, తలుపులేసుకున్నరు, పోయిండ్రు. ఆడ దుమ్ము తప్ప ఏం లేదు.

బావ ఒక బండరాయి దొర్లిచ్చుకొచ్చి ఆ బొంద మీద పెట్టిండు.

మర్నాడు పొద్దుగాల్నుంచి మనుషులు వచ్చుడు మొదలైంది. చావైన ఇంటికి వచ్చినట్టే వచ్చిండ్రు. అరుగు మీద కూసొని ఒక్కొక్కరు చెప్పుడు మొదలుపెట్టిండ్రు. మొన్న చర్చిల రెండించులు పడ్డయని చెప్పినామె, దానికి ముందు తమయి మూడు పోయినయి అన్నది. రెండువందల డెబ్బైకి పడ్డాయన, అదే చెల్కల ఇంకో రెండు ఏపిచ్చి దుమ్ము తిన్నం అన్నడు. చాయ్ పోసిన సాయిబుల పెద్దాయన గూడ వచ్చిండు. నాలుగు ఏపిచ్చినం బిడ్డా, అయిదోది పడ్డది, దిగులు పడకు అని అక్కకు ధైర్యం చెప్పిండు. ఎవరికి వాళ్లు తమ దుఃఖం తెచ్చి అక్క ముందల పెట్టి, నువ్వొక్కదానివే కాదు అని ఊరడిస్తున్నరు. అక్క తల ఊపుతున్నది.

నేను గోడకానుకొని వింటున్న. వినుకుంట నోట్ల నోట్లనే లెక్క పెడుతున్న. నా మీద నాకే అసయ్యం అనిపిచ్చింది, అయినా లెక్క ఆగలే. పగటాల వరకు ఇరవై మూడయినయి. చెల్కలల్ల నేను పక్కపొంటి నడిచిన రాళ్లన్ని ఇయ్యె.

ఆ లెక్కల ఆఖరి రెండు బోర్లు అక్క పక్కింటి ముసలవ్వ చెప్పినయి. నాకు ఇగ ఆగలే. మొన్న నేను ఇల్లిల్లు తిరిగి అడిగినప్పుడు ఒక్కరన్న ఈ మాట చెప్పకపోతిరి అవ్వా అన్న. జర గట్టిగనే అన్న, అందరు నా దిక్కు చూసిండ్రు.

"బోరు ఏపిచ్చబోయే మనిషి ముందల ఆ మాట ఎట్ల తీస్తరు బిడ్డా?" అన్నది అవ్వ. "నువ్వు మా దిక్కు పిల్లవే గద. నీకు తెల్వదా?"

తెలుసు. తెల్వకేం. బోరు ఏపిచ్చబోయేటోళ్ల ముందల ఎండిన బోరు పేరెత్తుడు, పెండ్లికి పోయేటోళ్ల ముందల చావు ముచ్చట తీసినట్టే. నాకు ఎవ్వరు నేర్పలే, అట్లనే పెరిగిన. మా నాయన గద్వాల దిక్కు మాకున్న ఎకరంల రెండు బోర్లు ఏపిచ్చిండు, రెండూ దుమ్మే. ఆ తర్వాతనే మా ఇల్లంత కూలికి ఎళ్లింది, అక్క బడి మానింది. ఆ ముచ్చట ఇయ్యాల్టి దాంక మా ఇంట్ల ఒక్కరు నోట్లకెళ్లి తియ్యలే. ఎక్కడో పరాయి దేశంల కోట్లున్నోడు ఎండిన బావి లెక్క పంపకపోతె నేను ఊకోను, మెయిల్ మీద మెయిల్ కొడత. మా అక్క చెల్కల మటుకు రాయి కనవడితె పక్కకు జరిగి నడిచిన. ఊరోళ్లు చెప్పకపోవుడు అక్క మీది ప్రేమ. నేను అడగకపోవుడు ఏందో మరి, దానికి పేరు నాకు దొరకలే.

లోపలర్రల కూసొని ఆ ఇరవై మూడు పెట్టి మల్ల నడిపిచ్చిన. పదిట్ల రెండు వచ్చింది. వద్దు అన్నది. ల్యాప్‌టాప్ మూసేసిన, ఎవ్వరికి చూపియ్యలే.

ఆ మరునాడు అక్క తోటకు పోతుంటె నేను గూడ ఎనక పోయిన. ఏ చెట్లు ఉంచాలె, ఏ చెట్లు కొట్టాలె అని ఆమె చూసుకుంటున్నది. ముందు అనుకున్నట్టు సగం ఉంచుకునే మాట ఇగ లేదు, ఆ నీళ్లకు తోడు ట్యాంకర్లు తోలిపిచ్చే పైసలు బోరుల పోయినయి. పాత బోరును ఆనుకొని ఉన్న రెండు వరుసలు ఉంచుతరట, వాటిని బావవాళ్ల అన్న చూసుకుంటడట. అక్క, బావ హైదరాబాద్ పోతరట, ఒక మేస్త్రి రమ్మన్నడట. మల్ల మట్టిపనికి. ఇదంత అక్క ఆకులు ఏరుకుంటనే చెప్పింది, సంతకు పోతున్నం అన్నట్టు చెప్పింది. అక్కకు యాభై దాటినయి.

పాదిల ఎండుటాకులు తీస్తున్నదల్ల జర ఆగి అడిగింది, "ఇప్పుడు పెడితె ఏమంటదే నీ కంప్యూటర్?"

వద్దంటది అన్న.

"మరి అప్పుడెందుకు అనలే?"

"ఎండిన బోర్లు నేను అడగలే అక్కా. ఊరోళ్లది తప్పు కాదు. అడిగేది నా పని. నేనే అడగలే."

ఆ చెట్టు పాది అయిపోయింది, అక్క పక్క చెట్టు కాడికి పోయింది, అది గూడ అయిపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకొని లేచి నిలబడ్డంక అన్నది, "వద్దన్నా ఏపిద్దునే. నా సంగతి నీకు తెల్వదా?"

నాకు తెలుసు. అది వద్దంటె ఆరోజే సగం చెట్లు కొట్టేపిస్త అన్న మనిషి, అన్నదంటె చేసే మనిషి. చెట్లు కొట్టేటోళ్లను రావద్దని బావ ఫోన్ చేసింది అక్క నా తెర చూసినంకనే. నాకు బుద్ధి తెలిసినకాడికెళ్లి అక్క నాతోని ఒక్క అబద్ధం ఆడలే. ఇప్పుడు ఆడింది, నాకోసం ఆడింది.

"అవునక్కా" అన్న. పక్కనున్న చెట్టు కాడ కూసొని నేను గూడ పాదిల ఆకులు ఏరుడు మొదలుపెట్టిన. రెండు పిడికిళ్లు తీసి గట్టు మీద ఏసిన.

"దానికి వద్దులే" అన్నది అక్క. "అది కొట్టేసే చెట్టు."